హెర్నియా ఉందని తెలిశాక మొదటి నెల రోజులు ఎలా గడపాలి

పాఠకులు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలలో హెర్నియా గురించినవి ఎక్కువ. నీళ్ల బిందె ఎత్తవచ్చా, స్కూటరు నడపవచ్చా, తిరుమల మెట్లు ఎక్కవచ్చా, గట్టిగా దగ్గితే అది పగులుతుందా, భార్యాభర్తలు కలవవచ్చా అని అడుగుతారు. వారిలో కొందరికి గజ్జలో ఉబ్బు ఐదారేళ్లుగా ఉంది. దానితోనే పొలం పనులు చేశారు, బస్తాలు మోశారు. వైద్యుడు దానికి పేరు చెప్పిన మరునాటి నుంచి మాత్రం మంచం దిగడానికి జంకుతున్నారు. మరికొందరికి ఉబ్బు అన్నదే లేదు. కిడ్నీలో రాయి ఉందేమోనని తీయించుకున్న స్కానింగ్ రిపోర్టు చివరి వరుసలో, బొడ్డు దగ్గర చిన్న హెర్నియా ఉన్నట్లు రాసి ఉంది, అంతే.

పొట్ట గోడలో బలహీనపడిన చోటు నుంచి లోపలి కొవ్వు గాని, పేగు గాని బయటికి తోసుకురావడమే హెర్నియా. అది ఉబ్బుగా, నొప్పిగా కొన్ని పనులకు అడ్డు వస్తుంది. ఉన్నదని తెలియడం వల్ల కలిగే భయం మరికొన్ని పనులను మాన్పిస్తుంది. ఈ రెండింటినీ విడదీసి చూసుకోనివారు ఆపరేషన్ విషయంలో తొందరపడతారు, లేదా ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. నేను వైద్యుణ్ణి కాను. కుడి గజ్జలో హెర్నియాతో 14 నెలలు గడిపి, తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవాణ్ణి. ఆ 14 నెలలలో మొదటి 5 నెలలు ఉత్త భయంతోనే పోయాయి కనుక, ఆ రెండింటినీ విడదీసి చూసుకునే 28 రోజుల పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్ను, ఇంట్లో చిన్న అద్దం, ఇప్పటిదాకా తీసిన స్కానింగ్ రిపోర్టులు, 28 రోజుల ఓపిక, ఒక్కసారైనా సర్జన్‌కు చూపించుకున్న తర్వాతి చీటీ. ఈ చివరిది లేకుండా మిగతావి మొదలుపెట్టవద్దు. స్కానింగ్ రిపోర్టు ఒక్కటే చేతిలో ఉంటే సరిపోదు. మిమ్మల్ని నిలబెట్టి, దగ్గమని చెప్పి, చేతితో పరీక్షించిన వైద్యుడి మాట కావాలి.

1. ముందుగా ప్రమాద సూచనలను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి

పడుకుంటే లోపలికి పోయే ఉబ్బు పోకుండా నిలిచిపోవడం, అది గట్టిపడి ముట్టుకుంటే భరించలేని నొప్పి రావడం, పైచర్మం ఎర్రబడడం లేదా కమిలినట్లు కావడం, వాంతులు, పొట్ట ఉబ్బరించి గాలి గాని మలం గాని పోకపోవడం, జ్వరం. ఇవి కనిపిస్తే పేగు బిగుసుకుపోయి దానికి రక్తప్రసారం ఆగుతున్నదని అనుమానించాలి. అది గంటలలో ముదిరే స్థితి. తెల్లవారాక చూద్దామనుకోవడానికి వీల్లేదు. ఏమీ తినకుండా, తాగకుండా, ఉబ్బును బలవంతంగా లోపలికి నెట్టకుండా, 108కి ఫోన్ చేసి సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పి ఇంజెక్షన్ వేయించుకోవడం వల్ల జరిగేది కాలయాపన ఒక్కటే.

ఈ కాగితం ఇంట్లో అందరికీ కనిపించే చోట ఉండాలి. ఏది ప్రమాదమో రాతలో ఉంటే, మిగతా చిన్నచిన్న లాగుళ్లు, బరువులు ఆ జాబితాలో లేవని కూడా అదే కాగితం మీకు గుర్తు చేస్తుంది.

2. మీది ఏ హెర్నియానో తెలుసుకోండి

సర్జన్‌ను నాలుగు విషయాలు అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకోండి: ఎక్కడ ఉంది, పడుకుంటే పూర్తిగా లోపలికి పోతున్నదా, కన్నం ఎంత ఉంది, అందులోకి వస్తున్నది కొవ్వా పేగా.

గజ్జలో వచ్చేది మగవారిలో చాలా ఎక్కువ. తొడ మొదట్లో, గజ్జ మడతకు కాస్త కింద వచ్చేదాన్ని ఫెమొరల్ హెర్నియా అంటారు. ఇది స్త్రీలలో ఎక్కువ, బిగుసుకుపోయే అవకాశమూ ఎక్కువ కాబట్టి దీనికి వేచి చూడమని చెప్పరు. పాత ఆపరేషన్ కోత మీద వచ్చేది మరొక రకం. గర్భసంచి తొలగించే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో మన రెండూ ఉన్నాయి గనుక, ఆ కోత దగ్గర, సిజేరియన్ కోత దగ్గర మెత్తని ఉబ్బు వచ్చిన స్త్రీలు దాన్ని ‘పొట్ట జారింది’ అనుకుని ఊరుకోకుండా చూపించుకోవాలి. కాన్పుల తర్వాత పొట్ట మధ్య కండరాలు ఎడమైనప్పుడు కనిపించే ఉబ్బు కూడా హెర్నియాలాగే ఉంటుంది, కాని అది హెర్నియా కాదు, అందులో పేగు బిగుసుకునే కన్నం ఉండదు. అలాగే బీజాల సంచిలో నీరు చేరే వరిబీజం వేరు. రెంటినీ ఒకే మాటతో పిలవడం వల్ల తప్పుడు సలహాలు చేతులు మారుతుంటాయి.

చేతి పరీక్షలో ఏమీ దొరకక, ఇబ్బంది ఏమీ లేక, స్కానింగ్‌లో మాత్రమే బయటపడిన చిన్న హెర్నియా అయితే, చాలా సందర్భాలలో సర్జన్ గమనిస్తూ ఉండమనే చెబుతారు. అటువంటివారు కింద 3, 4 అంకెలు వేసి చెప్పినవి చేసుకుంటే చాలు.

3. రెండు వరుసల పట్టిక రాయండి

ఇదే ఈ పద్ధతికి ప్రాణం, కనుక తీరికగా చేయండి. పేజీని నిలువుగా రెండుగా విభజించండి. ఎడమ వైపు ‘ఉబ్బు ఆపిన పనులు’, కుడి వైపు ‘తెలిశాక నేను ఆపిన పనులు’ అని రాయండి. గత మూడు నెలల్లో మానేసిన పనులన్నింటినీ గుర్తు చేసుకుని, ఒక్కొక్కదాన్ని ఏదో ఒక వరుసలో వేయండి. గీటురాయి ఒకటే: ఆ పని చేస్తున్నప్పుడు నిజంగా నొప్పి వచ్చిందా, ఉబ్బు పెరిగిందా, లేక వస్తుందేమోనని మానేశారా?

నా పట్టికలో ఎడమ వైపు మూడే ఉన్నాయి: గంటకు మించి నిలబడడం, నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయడం, మందు పిచికారీ డబ్బా వీపున మోయడం. కుడి వైపు పదకొండు వచ్చాయి. అందులో బస్సు ప్రయాణం ఉంది, మనవణ్ణి ఎత్తుకోవడం ఉంది, చివరికి గట్టిగా నవ్వడం కూడా ఉంది. రాసి చూసుకునేదాకా నవ్వు మానేశానని నాకే తెలియదు.

ఇది పిరికితనం అనుకోవద్దు. 1978లో కెనడాలోని ఉక్కు కర్మాగార కార్మికులపై ఒక అధ్యయనం వెలువడింది. తమకు అధిక రక్తపోటు ఉందని అంతవరకు ఎరగని కార్మికులు ఆ మాట విన్న తర్వాత అనారోగ్య కారణంతో సెలవులు పెట్టడం బాగా పెరిగింది. చికిత్స మొదలుపెట్టినవారిలోనూ, పెట్టనివారిలోనూ పెరిగింది. హెర్నియా కంటికి కనిపించే, చేతికి తగిలే జబ్బు కాబట్టి దాని పేరు మరింత భారంగా ఉండడంలో వింత లేదు.

హెచ్చరిక: ఈ పట్టికను ఇంట్లో ఇంకొకరిచేత రాయించవద్దు. మీపై ప్రేమ ఉన్నవారు అన్నింటినీ ఎడమ వైపే వేస్తారు.

4. రోజుకు ఒక్కసారి మార్కులు వేయండి

సర్జన్లు హెర్నియా రోగుల జీవన నాణ్యతను కొలవడానికి ప్రశ్నావళులు వాడతారు. మెష్ (ఆపరేషన్‌లో బలహీనమైన చోట వేసే వల) వేయించుకున్నవారి కోసం రూపొందించిన కరోలినాస్ కంఫర్ట్ స్కేల్‌లో పడుకోవడం, వంగడం, కూర్చోవడం, నడవడం, మెట్లెక్కడం, దగ్గడం, వ్యాయామం వంటి పనులలో ఇబ్బంది ఎంత ఉందో 0 నుంచి 5 వరకు వేస్తారు. మన ఇంటి వాడకానికి ఇదే ధోరణి చాలు. పై పనులకు మీ బతుకుతెరువులోని పని ఒకటి చేర్చండి: కల్లంలో వంగడం, మగ్గం గుంటలో కూర్చోవడం, షాపులో నిలబడడం, ఆటో నడపడం, ఏదైనా సరే. రాత్రి పడుకునే ముందు ఒక్కొక్కదానికి మార్కు వేయండి. 0 అంటే ఇబ్బంది లేదు, 5 అంటే ఆ పని చేయలేకపోయారు. పక్కన ఇంకొక గడిలో, ఆ రోజు హెర్నియా ఎన్నిసార్లు మనసులోకి వచ్చిందో ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అని రాయండి.

ఉబ్బును చూసుకోవడం కూడా అప్పుడే, ఒకేసారి: అద్దం ముందు నిలబడి ఒకసారి, పడుకుని ఒకసారి. పడుకుంటే పోతున్నదా లేదా అన్నది మాత్రమే రాయండి. రోజుకు ఇరవైసార్లు లుంగీ పక్కకు తీసి తడుముకునేవారికి ఆ తడుముకోవడం వల్లనే అక్కడ నొప్పి వస్తుంది. ఇది నా అనుభవం కూడా.

5. కుడి వరుసలోని పనులను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోండి

సర్జన్‌కు ఆ జాబితా చూపించి, వద్దన్నవి కొట్టేయించండి. మిగిలినవాటిలో తేలికైనదాన్ని ఎంచుకుని, మూడు రోజులు వరుసగా చేసి, మార్కులు పోల్చండి. మార్కు పెరగకపోతే ఆ పని ఇక మీదే, తర్వాతిదానికి వెళ్లండి. పెరిగితే అది ఎడమ వరుసకు మారుతుంది. అప్పుడు కూడా నష్టమేమీ లేదు, ఒక నిజం తెలిసినట్లే.

నడక, బండి మీద ప్రయాణం, ఆఫీసు పని చాలామందికి ఇబ్బంది లేకుండా తిరిగి వస్తాయి. దాంపత్యం గురించి అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ. నొప్పి లేనంతవరకు దానికి నిషేధం లేదు, బరువు మీద పడని భంగిమ ఎంచుకుంటే సరిపోతుంది. బరువుల దగ్గర మాత్రం లెక్క అవసరం. నిండు బిందె 10 నుంచి 15 కిలోలు, వాటర్ క్యాన్ 20 కిలోలు, బియ్యం బస్తా 25 కిలోలు, నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు ఉంటాయి. ‘బరువులు ఎత్తవద్దు’ అన్న మాటను అలాగే తెచ్చుకోకుండా, ఎన్ని కిలోల దాకా అని సర్జన్‌ను అడగండి. ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి బిగబట్టకుండా వదులుతూ లేవండి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు ఉబ్బు మీద అరచేయి ఆనించండి. హమాలీ పని, భవన నిర్మాణ పని చేసేవారికి ఈ జాగ్రత్తలు చాలవు. బరువే వారి బతుకు గనుక వారు వేచి చూసే దారి కంటే ఆపరేషన్ గురించి ముందుగా మాట్లాడడం మంచిది.

6. ఉబ్బును తోసే కారణాలను తగ్గించండి

మలబద్ధకం, విడవని దగ్గు, మూత్రానికి ముక్కవలసి రావడం, పెరిగిన పొట్ట: ఇవి నాలుగూ లోపలి నుంచి తోస్తాయి. నీళ్లు, ఆకుకూరలు, పీచు ఉన్న తిండి అందరికీ తెలిసినవే. తెలియనిది మూడోది. 60 దాటినవారికి ప్రోస్టేట్ వల్ల మూత్రధార సన్నబడి ఉంటే, హెర్నియా ఆపరేషన్‌కు ముందే దాన్ని చూపించుకోవాలి. బీడీ, సిగరెట్ దగ్గును పెంచుతాయి, కుట్లు మానడాన్ని ఆలస్యం చేస్తాయి. ఆపరేషన్ ఆలోచన ఉంటే కనీసం 4 వారాల ముందు మానాలి. షుగర్ ఉన్నవారు మూడు నెలల సగటును చూపే పరీక్ష చేయించుకోవాలి. అది 8 శాతం దాటి ఉంటే పొట్ట మీది హెర్నియాలకు చాలామంది సర్జన్లు ముందు షుగర్ తగ్గించుకు రమ్మంటారు.

7. బెల్టు విషయం

బెల్టు హెర్నియాను మాన్పదు. ఆపరేషన్ వెంటనే చేయించుకోలేనివారికి సర్జన్ సూచిస్తే, తాత్కాలికంగా కొంత హాయినివ్వవచ్చు. పడుకుని, ఉబ్బు పూర్తిగా లోపలికి పోయిన తర్వాతే కట్టుకోవాలి. ఉబ్బు బయట ఉండగా దాని మీద బిగించడం, రాత్రిళ్లు కట్టుకుని పడుకోవడం ప్రమాదకరం. పాత కోత దగ్గర ఉబ్బు ఉన్న స్త్రీలు లంగా బొందును సరిగ్గా దాని మీద పడకుండా పైకో కిందికో కట్టుకుంటే చాలు, సగం ఒరుపు తగ్గుతుంది.

8. 28వ రోజున నోటుపుస్తకం తెరిచి నిర్ణయానికి రండి

గజ్జలో హెర్నియా ఉన్న స్త్రీలు, ఫెమొరల్ హెర్నియా ఉన్నవారు, ఉబ్బు లోపలికి పోనివారు, ఒకసారైనా పేగు బిగుసుకుని వాంతులైనవారు ఈ లెక్కల కోసం ఆగకూడదు. సర్జన్ చెప్పిన తేదీకి వెళ్లాలి. పసిపిల్లల గజ్జలో హెర్నియా కూడా అంతే. పిల్లల బొడ్డు హెర్నియా మాత్రం చాలామందిలో నాలుగైదేళ్ల వయసుకు దానంతటదే మూసుకుంటుంది. పెద్దలలో ఏ హెర్నియా అలా మూసుకోదు.

గజ్జలో హెర్నియా ఉండి ఇబ్బంది తక్కువగా ఉన్న మగవారికి నిజమైన ఎంపిక ఉంది. ఉత్తర అమెరికాలో అటువంటి 720 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. సగం మందికి ఆపరేషన్ చేశారు, సగం మందిని గమనిస్తూ ఉంచారు. వేచి ఉన్నవారిలో పేగు హఠాత్తుగా బిగుసుకోవడం వెయ్యి మందికి ఏడాదికి ఇద్దరి కంటే తక్కువగానే జరిగింది. రెండేళ్లలో 23 శాతం మంది, 2013లో వెలువడిన తర్వాతి ఫలితాల ప్రకారం పదేళ్లలో సుమారు 68 శాతం మంది మనసు మార్చుకుని ఆపరేషన్‌కు వచ్చారు. ముఖ్య కారణం పెరిగిన నొప్పి. దీన్ని నేను ఇలా చదువుకున్నాను: ఈ రాత్రికే ఏదో అవుతుందన్న భయానికి ఆధారం లేదు, కాని ఎప్పటికీ ఆపరేషన్ తప్పించుకుంటానన్న ధీమాకు కూడా ఆధారం తక్కువే.

ఆపరేషన్ వల్ల కలిగే ఇబ్బంది కూడా తూకంలో వేయాలి. గజ్జ హెర్నియా ఆపరేషన్ తర్వాత సుమారు 10 నుంచి 12 శాతం మందికి మూడు నెలలు దాటినా చెప్పుకోదగ్గ నొప్పి మిగులుతుంది. కాలం గడిచేకొద్దీ చాలామందిలో అది తగ్గుతుంది. కనుక నోటుపుస్తకంలో ఎడమ వరుస నిండుగా ఉండి, మార్కులు వారం వారం పెరుగుతుంటే ఆపరేషన్ మీకు మేలు చేసే అవకాశం ఎక్కువ. మార్కులన్నీ 0, 1 దగ్గరే ఉండి, ‘ఎక్కువ’ అన్న మాట మాత్రం రోజూ కనిపిస్తుంటే, కత్తి పెట్టవలసిన అవసరం ఉందా అని సర్జన్‌తో మరోసారి మాట్లాడండి. భయం భరించలేక ఆపరేషన్ కోరుకోవడం తప్పు కాదు. కాని ఆ కోరిక భయం వల్ల పుట్టినదని తెలిసి కోరుకోవాలి.

9. ఆపరేషన్ అనుకుంటే అడగవలసినవి

కోత పెట్టి చేస్తారా, చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీనా, మత్తు ఎటువంటిది, మెష్ వేస్తారా, ఈ ఆపరేషన్ ఈ సర్జన్ ఎంత తరచుగా చేస్తారు, ఎన్నాళ్లకు నా పనికి వెళ్లవచ్చు. గజ్జ ఆపరేషన్ తర్వాత తేలిక పనులకు కొద్ది రోజులలోనే వెళ్లవచ్చు. పెద్ద బరువులకు సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆగమంటారు, పొట్ట మీది పెద్ద హెర్నియాలకు ఇంకా ఎక్కువ.

మెష్ ధర చూసి నాణ్యతను అంచనా వేయవద్దు. మహారాష్ట్రలోని దొండాయిచాకు చెందిన సర్జన్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్ శుద్ధి చేసిన దోమతెర గుడ్డతో చవకగా ఈ ఆపరేషన్లు చేసి చూపించారు. ఉగాండాలో 302 మంది మగవారిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో కూడా, దోమతెర గుడ్డకు, ఖరీదైన మెష్‌కు ఏడాది తర్వాత ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మీరు దోమతెర పట్టుకెళ్లమని కాదు గాని, ఖరీదైనది తీసుకోకపోతే మళ్లీ వస్తుందని ఎవరైనా భయపెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఖర్చుకు సంబంధించి: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ రకం హెర్నియాకు ఏ ఆసుపత్రిలో వీలుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ప్రైవేటు బీమా ఉన్నవారు నిరీక్షణ కాలం చూసుకోవాలి; చాలా పాలసీలలో హెర్నియాకు 24 నెలలు ఉంటుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

పొట్ట వ్యాయామాలతో కన్నం మూసుకుంటుందని నమ్మి గుంజీలు, సిట్‌అప్‌లు మొదలుపెట్టడం మొదటిది. నాటు వైద్యుల దగ్గర మర్దనా చేయించడం, వాతలు పెట్టించడం అంతకంటే చెడ్డది. పగులుతుందన్న భయంతో తిండి మానేసి నీరసించేవారూ ఉన్నారు. మామూలుగా హెర్నియా బుడగలా పగలదు. కాలేయ జబ్బుతో పొట్టలో నీరు చేరినవారిలో మాత్రం బొడ్డు మీది చర్మం పలచబడి చిట్లే ప్రమాదం ఉంది కనుక, వారికి ఈ వ్యాసంలోని సలహాలు వర్తించవు. ఇక నోటుపుస్తకాన్ని పది రోజులు రాసి, బాగుందని ఆపేయడం. నొప్పికి మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటాయి. పది రోజులలో ఏది ఏదో తేలదు.

ఫలితం సరిచూసుకోవడం

నాలుగో వారంలో కుడి వరుసలో కనీసం సగం పనులు కొట్టేసి ఉండాలి. లేకపోతే, నిద్ర, ఆకలి కూడా తగ్గి ఉంటే, సర్జన్ దగ్గర కాక ముందు మీ ఇంటి వైద్యుడి దగ్గర ఆ దిగులు గురించే మాట్లాడండి. వేచి చూసే దారి ఎంచుకున్నవారు ప్రతి ఆరు నెలలకు ఒక వారం పాటు మళ్లీ మార్కులు వేసి, పాత వారంతో పోల్చాలి.

ఆపరేషన్ అయినవారు అదే పుస్తకంలో 2వ వారం, 6వ వారం, 3వ నెల మార్కులు వేయాలి. మొదటి వారాలలో కోత దగ్గర లేదా పాత ఉబ్బు ఉన్న చోటనే మెత్తగా వాపు వస్తే మళ్లీ హెర్నియా వచ్చిందని బెంబేలెత్తవద్దు; చాలాసార్లు అది చేరిన నీరు, కొద్ది వారాలలో ఇంకిపోతుంది. జ్వరం, చీము, మూత్రం రాకపోవడం, పెరుగుతున్న నొప్పి ఉంటే మాత్రం ఆ రోజే వెళ్లాలి. 3వ నెలలో మార్కు ఆపరేషన్‌కు ముందున్నదాని కంటే ఎక్కువగా ఉంటే, అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా, రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి సర్జన్‌కు చూపించండి.